సొరనూనె పూసిన గోడ

విడవలూరు పక్క పల్లెపాళేనికి నేను కాపరానికొస్తున్నానని, అరవై రెండులో మా అత్త కామమ్మ గోడలకు సున్నం కొట్టి, కింద ఎర్రమన్ను పట్టె తీసి, గుమ్మానికి గవ్వల తోరణం కట్టింది. పట్టె నిగనిగలాడాలని మామ చెంచయ్య, పడవకు పూసే సొరచేప నూనెను ఆ మన్నులో కలిపినాడు.

మెరిసింది, తగలెయ్య! ఎండెక్కేసరికి ఏం కంపు! ఈగలు ముసిరినాయి. పిల్లులు గోడలు నాకినాయి. అత్త గుమ్మం నిండా మల్లెదండలు వేలాడదీస్తే, ఆ మల్లెలకే నీచు పట్టింది.

"థూ! గోడకు పూసేదానికి నీకు ఇదే దొరికిందా?" అని అత్త అరిచింది.

మామ గోడను వాసన చూసి, "కంపేడుంది? ఇది నా ఒంటి వాసనే గదా!" అన్నాడు.

అత్త ముక్కు మూసుకునే, "ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటా ఉండేదీ అదే!" అంది.