రెంటచింతల గోడ మీద నా రాత

తుని నుంచి పెళ్లికని రెంటచింతల వెళ్లాం. తిరిగి బయలుదేరబోతే మా ఆటోమేటిక్ కారు గేరు వెంటనే అందుకోలేదు. పక్క షెడ్డు మెకానిక్ గేరు ఆయిల్ చూసే పుల్ల బయటికి తీశాడు. దాని మీద చల్లటి ఆయిల్‌కి ఒక గీత, కాగిన ఆయిల్‌కి 'హాట్' అని ఇంకో గీత ఉన్నాయి.

"హాట్ గీతకి చానా కిందుంది పెదనాయనా. లీటరు పోద్దాం."

"ఆగు" అన్నాను. "పొద్దుటి నుంచి కదలని బండికి ఆ గీత చూడకూడదు. ఆయిల్ ఇంకా చల్లగానే ఉంది."

"చల్లగానా? మా రెంటచింతల ఎండలోనా? బానెట్ మీద చెయ్యి పెట్టు, తెలుస్తది!"

"ఎండకి కాలేది రేకు. ఆయిల్ కాగాలంటే బండి నడవాలి. ఎక్కువ పోసి గేర్‌బాక్స్ పాడైతే నన్ను తుని దాకా నువ్వు మోస్తావా?"

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి. ఇంగ్లీషులో ఉన్న కారు పుస్తకంలో గేరు ఆయిల్ పేజీని ఇదివరకే మనవరాలు చదివి చెబితే, తెలుగులో నా చేత్తో రాసుకున్నాను. అందులో ఉన్నట్టే పావుగంట తిప్పుకొచ్చి, గేర్లన్నీ ఒకసారి మార్చి, ఇంజన్ ఆపకుండానే మళ్లీ పుల్ల తీసి చూశాం. కొంచెమే తక్కువ. టీ గ్లాసుడు పోస్తే గీతకి అందింది. బండి మెత్తగా కదిలింది.

మెకానిక్ నొచ్చుకోలేదు. సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గోడ మీద రాయి పెదనాయనా. నేను మర్చిపోతా."

"ఎండ వేడి లెక్క కాదు. ఇంజన్ ఆన్‌లో చూడాలి" అని వంకరగా రాశాను. అతను దాన్ని పైకి రెండుసార్లు చదివాడు. నా రాత పరాయివాడు చదవగా వినడం అదే మొదలు.