ముందెవరు వేయించుకోవాలి

ఆదోనిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ మేం ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ తర్వాత నేను ఎమ్మిగనూరులో హైస్కూలు టీచరునయ్యాను. ఒకామె ఆదోనిలోనే పత్తి వ్యాపారుల ఇంటికి కోడలుగా వెళ్లింది. ఆమెను మేం షావుకారమ్మ అని ఏడిపించేవాళ్లం, ఆమె కూడా నవ్వుతూ పలికేది. మూడో ఆమె నాన్న మిల్లులో కూలి, భర్త ఆటో నడుపుతాడు. ఒక పెద్ద బట్టల షాపులో పట్టుచీరల కౌంటరు దగ్గర ఇరవై ఏళ్లుగా నిలబడి చీరలు పరిచి చూపించడమే ఆమె పని. నెలకొక ఆదివారం నేను బస్సెక్కి ఆదోని వెళ్లేదాన్ని. ఆమె చర్చి అయ్యాక వచ్చేది. షావుకారమ్మ ఇంట్లో ఉగ్గాని, బజ్జీ తింటూ సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్లం.

ముడతల సూది మాట తెచ్చింది షావుకారమ్మే. కొడుకు పెళ్లిలో బళ్లారి నుంచి వచ్చిన ఒకావిడ ఆమెను పెళ్లికొడుకు అవ్వ అనుకుందట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఊళ్లో కొత్తగా ఒక స్కిన్ క్లినిక్ తెరిచారని, పదిహేను రోజులకొకసారి బెంగళూరు నుంచి డాక్టరు వస్తాడని, నుదుటి మీద, కనుబొమల మధ్య బొటాక్స్ సూదులు వేస్తే నాలుగైదు నెలలు ముడతలు కనబడవని చెప్పింది. ముగ్గురు కలిసి వస్తే తగ్గించి వేస్తామన్నారట.

నేను నవ్వి కొట్టేశాను గానీ, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలున్నాయి. ఊరకే ఉన్నా కోపంగా ఉన్నట్టే కనబడతాను. ఒకసారి ఓ పిల్లాడి తల్లి స్కూలుకొచ్చి, మీకింకా ఎన్నేళ్ల సర్వీసుందని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి పంపాను గానీ, మనసులోంచి పంపలేకపోయాను.

మాది ఆశ. చీరల షాపు స్నేహితురాలిది అవసరం. షాపులోకి ఇరవై ఏళ్ల అమ్మాయిలను తీసుకుంటున్నారు. ఓనరు ఆమెను పిలిచి, పట్టుచీరలు చూపించే మనిషి ముఖం కళగా ఉండాలని, సీజన్ అయ్యాక లైనింగు గుడ్డల వైపు మారుస్తానని చెప్పాడట. అక్కడ జీతమూ తక్కువే, పలకరించేవాళ్లూ తక్కువే.

ఆ నెల వరసగా రెండు ఆదివారాలు కలిసి ఇదే మాట్లాడుకున్నాం. అది విషంతో చేసే మందని, మూతి వంకర పోతుందని ఎవరెవరో చెప్పిన మాటలన్నీ బయటికొచ్చాయి. సూది పడరాని చోట పడితే కనురెప్ప వాలిపోవచ్చని నేను ఫోనులో చదివి వినిపించాను. షావుకారమ్మ తోసిపారేసింది. బెంగళూరులో ఆడవాళ్లు కూరగాయలకు పోయినంత సులువుగా పోయి వేయించుకొస్తున్నారంది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి కర్నూలులో చర్మం డాక్టరుగా ఉంది, అడిగి చెబుతానన్నాను.

ఆ రాత్రే ఫోన్ చేశాను. మందు చెడ్డది కాదని, ఏది వేస్తున్నారు, ఎవరు వేస్తున్నారు అన్నదే ముఖ్యమని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. సీసా మీ ఎదురుగా తెరవమనండి, పేరూ తేదీ చూడండి, డాక్టరు కాకుండా వేరేవాళ్లు సూది పట్టుకుంటే లేచి వచ్చేయండి, ఎక్కడా లేనంత చవగ్గా వేస్తామంటే అనుమానించండి అంది.

తర్వాతి ఆదివారం నేను వాళ్లిద్దరికీ చెప్పింది ఒక్క ముక్కే: మందు మంచిదేనంట.

ఎందుకలా చేశానో ఇప్పుడు దాచుకోను. అన్నీ కుదిర్చింది షావుకారమ్మ. మిగతాది చెబితే ఆమె చిన్నబుచ్చుకుంటుంది, అనుకున్నది ఆగిపోతుంది. అది ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. నేనెలాగూ ముందు వేయించుకోనని అప్పటికే లోపల తేల్చుకున్నాను.

ముందెవరు అన్న మాట వచ్చింది. షావుకారమ్మ మరుసటి వారం బళ్లారిలో ఏదో శుభకార్యం ఉందంది. నేను పరీక్షల డ్యూటీ అన్నాను. ఇద్దరం చీరల షాపు స్నేహితురాలి వైపు చూశాం.

"నేనే ముందు ఏయించుకుంటాలే. తొందర నాకే గదా ఉండేది" అంది ఆమె.

ఆమెకయ్యే ఖర్చు తానే పెట్టుకుంటానని షావుకారమ్మ మాటిచ్చింది. పదిహేను రోజులు ఆమె ముఖం ఎలా ఉంటుందో చూసి, తర్వాత మేమిద్దరం వెళ్లాలని అనుకున్నాం. ఈ మాట ఆమె ముందరే అన్నాం. ఆమె తల ఊపింది.

ముగ్గురం కలిసే క్లినిక్కుకి వెళ్లాం. ఆ రోజు డాక్టరు రాలేదు. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, రోజూ వేసేది నేనే, సార్ ఫోనులో ఉంటారని చెప్పింది. ట్రేలో సిరంజి మందు నింపుకునే వచ్చింది. సీసా ఎక్కడా లేదు. నా స్నేహితురాలు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. షావుకారమ్మ ఫోనులో వీడియో తీస్తోంది. నా నోటి దాకా మాట వచ్చింది. వచ్చింది మింగేశాను. ఎనిమిదో తొమ్మిదో సూదులు పడ్డాయి. కొన్ని గంటలు తల వంచొద్దని, పడుకోవద్దని ఆ అమ్మాయి చెప్పలేదు. నా స్నేహితురాలు నేరుగా షాపుకు పోయి సాయంత్రమంతా వంగి చీరలు మడత పెట్టింది.

ఐదో రోజుకు నుదురు నున్నగా అయింది. షాపులో కుర్రపిల్లలు ఏం రాసుకున్నావక్కా అని అడిగారట. ఫొటో పంపింది. షావుకారమ్మ మా ఇద్దరికీ తేదీ తీసుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది. కుడి కంటి రెప్ప సగానికి వాలిపోయింది, ఎంత ఎత్తినా లేవడం లేదు. క్లినిక్కులో అడిగితే, నువ్వే రుద్దుకుని ఉంటావన్నారు. షావుకారమ్మ ఆ మధ్యాహ్నమే మా ఇద్దరి తేదీలూ రద్దు చేయించింది. చీరల షాపు ఓనరు నా స్నేహితురాలి ముఖం చూసి, పైన గోడౌనులో చీరలకు ధర చీట్లు అతికించమని పంపాడు.

ఆమెను కర్నూలు తీసుకెళ్లింది నేనే. అంత మాత్రం మంచితనం మిగిలింది. నా శిష్యురాలు టార్చి వేసి చూసి, మందు రెప్ప కండరంలోకి దిగిందని, రెండు మూడు నెలల్లో దానంతటదే లేస్తుందని ధైర్యం చెప్పింది. కంట్లో వేసుకోవడానికి చుక్కలు రాసిచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఫోనులో సెప్పినా గదా మేడమ్, డాక్టరు లేకపోతే లేసి వచ్చేయండని. ఆ పొద్దు అడిగింది ఈమె కోసమేనా?"

నేను బల్ల మీది మందుల చీటీ తీసి పక్కకు అందించాను. నా స్నేహితురాలు తెరిచి ఉన్న ఎడమ కన్నుతో నన్ను చూసి, చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కోడుమూరులో బస్సు ఆగి సగం జనం దిగిపోయాక, కిటికీ వైపే చూస్తూ అంది:

"మా మామ పత్తికి కొత్త మందు తెచ్చినాడంటే ముందు ఒక్క సాలుకే కొడతాడు. అది మాడకపోతేనే మిగతా సేనంతా కొడతాడు. మీరిద్దరూ నన్ను అట్లే సూసినారు."

ఎమ్మిగనూరులో నేను దిగిపోవాలి. ఆదోని దాకా వస్తానన్నాను. వద్దంది. దిగిపోయాను.

క్లినిక్కు మీద ఫిర్యాదు చేయమని నా శిష్యురాలు గట్టిగానే చెప్పింది. షావుకారమ్మను అడిగితే, ఆ బిల్డింగు తమ బంధువులదని, ఊళ్లో మాట పడొద్దని అంది. నేనూ ఊరుకున్నాను. ఇలాంటి వాటికి పోయిన టీచరని నలుగురూ అనుకుంటారేమోనని నా భయం. క్లినిక్కు బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది.

రెప్ప పది వారాలకు లేచింది. అప్పటికి పట్టుచీరల కౌంటరులో వేరే అమ్మాయి కుదురుకుంది. కన్ను బాగైందని చూపించడానికి ఆమె ఓనరు దగ్గరికి వెళ్తే, గోడౌనులోనూ మనిషి కావాలి గదా అన్నాడట. నుదుటి మీద ముడతలు కూడా మళ్లీ మొదలయ్యాయి.

ఆ నెలల్లోనే షావుకారమ్మ బెంగళూరు వెళ్లి పెద్ద ఆసుపత్రిలో వేయించుకుంది. డాక్టరే వేశాడు, సీసా తన కళ్ల ముందే తెరిచాడు. ముఖం బాగా వచ్చింది. ఫొటో పంపితే, చాలా బాగున్నావని రాశాను. మా స్నేహితురాలి మాట ఎత్తితే, పాపం, దాని తలరాత అంది. సీసా తెరిపించాలని షావుకారమ్మకు చెప్పింది నేనే. కర్నూలు నుంచి వచ్చాక, తనకు పనికొస్తుందని, అన్నీ వివరంగా చెప్పాను.

ఈ ఏడాది మా స్నేహితురాలు ఆ చీరల షాపు మానేసి, ఎమ్మిగనూరులో ఒక చేనేత బట్టల కొట్టులో చేరిందని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. రోజూ ఆదోని నుంచి బస్సులో వచ్చి పోతోందట. ఆ కొట్టు మా స్కూలుకు పది నిమిషాల నడక. రెండు నెలలు వేరే వీధిలోంచి నడిచాను. ఒకరోజు భోజనం బెల్లు కొట్టగానే వెళ్లాను. కొట్టులో ఎవరూ లేరు. ఆమె స్టూలు వేసి కూర్చోమంది. మా ఆయన బీపీ గురించి అడిగింది. నేనే ఉండబట్టలేక అడిగాను, నా మీద కోపముందా అని.

"కోపమేముంది. నువ్వు సెప్పింటే నేను ఇనేదాన్నో లేదో, అది వేరే మాట. నా అవసరం నాది, తెలిసీ ఏయించుకునేదాన్నేమో. కానీ అది నేను తేల్చుకోవల్ల గదా. నువ్వెట్ల తేల్చినావు?"

క్షమించమని అడగాలనే వెళ్లాను గానీ, ఆ ప్రశ్న ముందు ఆ మాట చిల్లరగా అనిపించింది. అంతలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నూలు చీరలు చూపించమన్నారు. ఆమె లేచి పోయి ఒక్కో చీరా పరుస్తోంది, కొంగు భుజాన వేసి చూపిస్తోంది. వాళ్లలో ఒకామె నవ్వింది, ఈమె కూడా నవ్వింది. నేను ఉన్నానన్న సంగతి ఆమె మరిచిపోయినట్టే ఉంది. రెండో బెల్లుకు టైమవుతోందని లేచి చెప్పులేసుకున్నాను. వెళ్లొస్తానన్నా ఆమెకు వినిపించలేదు. లేదా వినిపించినా తిరిగి చూడలేదు.