దెబ్బకు అడ్డొచ్చిన అత్త

మా పక్క క్వార్టర్ అత్త పోయింది. సోమవారం ఉదయం ఆమె పెద్దకొడుకు మా గేటు దగ్గర నిలబడి, "దీదీ, అమ్మ చలీ గయీ" అన్నాడు. భిలాయిలోనే పుట్టిన పిల్లవాడు. అంతటి మాట అతనికి తెలుగులో రాలేదు.

అత్త నాకు చుట్టం కాదు. వాళ్లది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం. ఉక్కు ప్లాంటు ఉద్యోగాలు మమ్మల్ని ఒకే గోడకు అటూ ఇటూ చేర్చాయి. నా ఎడమ రొమ్ము తీసేశాక గానీ, నాకన్నా ముందే ఆమెకూ తీసేశారని నాకు తెలియలేదు.

ఆ రోజుల్లో నేను మంచిదాన్ని కాను. ఆసుపత్రిలో కుట్లు చూశారు, రక్తం చూశారు. మనసు సంగతి ఎవరూ అడగలేదు. చెప్పుకోవాలని నాకూ తోచలేదు. మూడో కీమో తర్వాత జుట్టంతా ఊడిపోయింది. ఒక మధ్యాహ్నం అట్లకాడతో అద్దం పగలగొట్టాను. కంచాలు గోడకేసి కొట్టాను. ఏడేళ్ల నా కూతురు "గుండు బాగుందమ్మా" అంది. ఆ అట్లకాడతోనే దాని వీపు మీద కొట్టాను. ఒకసారి కాదు.

చప్పుడుకు అత్త తలుపు తోసుకొచ్చి పిల్లను పక్కకు లాగింది. తర్వాతి దెబ్బ ఆమె మణికట్టు మీద పడింది. గాజులు పగిలి రక్తం కారింది.

"ఇంకా ఉందేటి కోపం? ఉంటే నాకిచ్చీ. పిల్లగుంటకొద్దు."

చేతులు అలిసేదాకా ఆమె భుజాల మీద గుద్దాను. ఆమె కదల్లేదు. ఆ తర్వాత నా పక్కనే గాజుముక్కల మధ్య కూర్చుంది.

"నానూ మీ మావయ్య మీద ఏన్నీల్లు ఇసిరీసినాను. ఆయన సెయ్యి కాలిపోనాది. పిచ్చెక్కిందంటారని ఎవులికీ సెప్పలేదు."

"మరి పిచ్చి కాదా అత్తా?"

"బయమే. బయానికి గోళ్లుంటాయి."

మర్నాడు వచ్చి నా చేతే కూతురి వీపుకు మందు రాయించింది. నా చెయ్యి తగలగానే పిల్ల ముడుచుకుపోయింది. "సూడు, కళ్లు తిప్పీకు" అంది అత్త.

అప్పటినుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం, వైద్యం చేయించుకుంటున్న ఆడవాళ్లను ఇంటికి పిలిచేది. నందిని గనుల ఊరి నుంచి ఒకామె, జాముల్ నుంచి సిమెంటు ఫ్యాక్టరీ కూలీ భార్య ఒకామె వచ్చేవారు. "బాగున్నానన్నోలికి టీ లేదు" అనేది. మేము నవ్వేవాళ్లం, తర్వాత ఏడ్చేవాళ్లం.

జాముల్ ఆమెను మొగుడు కుట్ల మీదే కొట్టేవాడు. ఒక గురువారం తాగి వచ్చి, ఆమె తలకు కట్టుకున్న గుడ్డ పట్టి గుమ్మందాకా ఈడ్చాడు. అత్త అడ్డంగా నిలబడింది. అతని బెల్టు బకిలు తగిలి ఆమె కనుబొమ చీలింది. నేను మూలనున్న రోకలి అందుకుని అతని భుజం మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అతను కూలబడ్డాడు. ఈసారి తలకే ఎత్తాను.

అత్త నా చేతికి వేలాడింది. "ఒద్దే! ఆడు సస్తే నువ్వు జైలుకెల్తావు. రేపు దీన్ని ఆసుపత్రికి ఎవులు తీసుకెల్తారు?"

కింద కూర్చున్న ఆ మనిషి భుజం పట్టుకుని ఏడుస్తూ, "యే మర్ జాయేగీ క్యా?" అన్నాడు, పెళ్లాం చచ్చిపోతుందా అని.

"డాక్టర్నడుగు" అంది అత్త, కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంటూ. "కొట్టినోడు నా గుమ్మం తొక్కకూడదు."

వైద్యం ముగిసేదాకా ఆమెను తన ఇంట్లోనే ఉంచుకుంది. అతను క్యారేజీ తెచ్చేవాడు. అత్త క్యారేజీ అందుకుని గేటు మూసేసేది.

పోయిన చలికాలం జబ్బు అత్త ఎముకల్లోకి తిరిగొచ్చింది. ఆమె శాంతంగా వెళ్లిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. తిట్టింది, గ్లాసులు విసిరింది. ఒకరోజు నొప్పికి నా చెయ్యి కొరికింది. పళ్లగాట్లు ఇంకా ఉన్నాయి. నేను లేచి వెళ్లలేదు. కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

సోమవారం ఆమెకు స్నానం చేయించేటప్పుడు, జాకెట్టు విప్పగానే చుట్టాల ఆడవాళ్లు చూపు తిప్పుకున్నారు. పసుపు గిన్నె పట్టుకుని ఎవరూ ముందుకు రాలేదు. జాముల్ ఆమె ఆ గిన్నె అందుకుంది. రొమ్ము లేని ఆ పక్కన, చంక నుంచి ఛాతీ మధ్యదాకా ఉన్న ఆ పొడవాటి మచ్చ మీద, చంటిపిల్లకు నూనె రాసినట్టు, అరచేత్తో మెల్లగా పసుపు రాసింది.