మా ఎదుట పాడని చరణం

మలేషియాలో సుంగై సుమున్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇంట ఎవరైనా పోతే ఓడ పాట పాడతారు. ఒకావిడ చరణం ఎత్తుకుంటుంది. చివర "ఏ ఒడ్డున ఏడవాలి?" అని పోయినవాళ్ళ ఇంటివాళ్ళు అందుకోవాలి. అలా ప్రతి చరణం రెండుసార్లు. చిన్నప్పుడు ఎన్ని చావుల్లో విన్నానో. మేము వెళ్తే మాత్రం ఒక చరణంలో మాటలు మింగేసి రాగం ఒక్కటే తీసేవారు. పాటే అంత అనుకునేవాణ్ణి.

మాది కంగాణీ ఇల్లు. మా ముత్తాత విశాఖ వైపు ఊళ్ళనుంచి మనుషుల్ని ఓడెక్కించి తెచ్చి, ఇక్కడి కొబ్బరితోటల్లో పని చేయించాడు. టేకు స్తంభాల ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. నేనిప్పుడు పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాముకు సూపర్‌వైజర్‌ని. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటను, ఎవరినీ ఏదీ అడగను. రెండూ నాన్న నేర్పినవే.

ఆ నాన్నే పోయే ముందు "ఓడ పాట పాడించు" అన్నాడు. అడగక తప్పలేదు.

పాట మొత్తం వచ్చిన ముసలావిడ ఒక్కరే మిగిలారు. ఆవిడ కూతురు కారులో తీసుకొచ్చింది. నాన్న తలవైపు కూర్చుని నన్ను దగ్గరకు పిలిచారు.

"బాబూ, మజ్జిలో చరణం అనాలా, ఒగ్గీయాలా?"

"అందులో ఏముంది మామ్మా?"

"ఏటుంది? మీ ముత్తాతే ఉన్నాడు."

కూతురు అందుకుంది. "పాడీమ్మా! కంగాణీ లేడు, ఎస్టేటూ లేదు. ఇంకెవలికి బయం?"

"నోర్ముయ్యే. పెద్దయ్య ఇంకా ఇక్కడే ఉన్నాడు," అని నాన్న వైపు చూపించారు.

అప్పుడు ఆవిడ చెప్పారు. ఓడ దిగిన ఏడాదే, మొదటి వానల్లో ఒకామె భర్త జ్వరంతో పోయాడట. తనను ఊరికి పంపమని ఆమె మా ముత్తాత కాళ్ళు పట్టుకుందట. పంపలేదు. కొబ్బరికాయలు వలుస్తూ ఆమె ఏడ్చిన ఏడుపే ఈ పాట.

"మీ తాతకి సగమే పాడినాం," అన్నారు ముసలావిడ. "సగం పాటతో పంపితే సముద్రం మజ్జిలో ఉండిపోతారంటారు. నీ ఇష్టం బాబూ."

నాన్న ముఖం వైపు చూశాను. గడ్డం గీయించి, తెల్ల చొక్కా తొడిగి నేనే పడుకోబెట్టాను. ఆయనకు ఇది తెలుసో తెలియదో నేనిక అడగలేను.

"మొత్తం పాడండి," అన్నాను.

ఆ చరణం వచ్చింది.

"తిరిగి పంపుతానని ఒట్టేసినాడు కంగాణీ,
తిరిగెల్లింది నా పెనిమిటి పేరొక్కటే..."

గదిలో అందరూ ఆగారు. అందుకోవాల్సింది ఇంటివాళ్ళు. ఆ ఇంటికి నేనొక్కణ్ణే. నిటారుగా నిలబడ్డాను. చొక్కా సర్దుకున్నాను. ముసలావిడ తొందరపెట్టలేదు.

"ఏ ఒడ్డున ఏడవాలి?" అన్నాను.

ఆవిడ నావైపు చూడకుండా అదే చరణం రెండోసారి ఎత్తుకున్నారు.