తడిసిన గడ్డి

నేను సీమచదువుకు ఇంగ్లండు బయలుదేరిన రోజు మా బావ తన ఎద్దులబండిలోనే నన్ను ఎర్రగుంట్ల స్టేషనుకు తీసుకుపోయాడు. కోయిలకుంట్ల నుంచి బస్సు లేకపోలేదు. "బస్సులో పోతే పెట్టె పగులుతాదప్పా" అన్నాడు. అసలు సంగతి, ఆ ఏడాదే తెచ్చుకున్న కోడెల నడక నాకు చూపించాలని ఆయన ముచ్చట. ఒకటి తెల్లది, ఒకటి కర్రెది. రైలు కూతకు రెండూ బెదిరితే, వాటి మూపుల మీద చేతులు వేసి సముదాయిస్తూ ఉండిపోయాడు. నాకు చెయ్యి ఊపడానికి కూడా ఆయనకు వీలు కాలేదు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయిన నన్ను సాకి, చదివించింది అక్కా బావలే.

ఇంగ్లండులో ఉత్తరాన ఒక చిన్న పట్టణంలో వ్యవసాయ కళాశాల. ఒక వితంతువు ఇంట్లో మేడమీది గది నాది. ఆమె పెట్టే ఉడికించిన బంగాళాదుంపల మీద, అక్క కట్టిచ్చిన చెనిక్కాయల పొడి ఉన్నన్నాళ్లూ చల్లుకుని తిన్నాను. సెలవు రోజుల్లో తోటి విద్యార్థులతో సైకిళ్ల మీద పల్లెలు తిరిగేవాణ్ణి. యాడ చూసినా పచ్చిక. మొదట్లో వాన పడితే కిటికీ దగ్గర నిలబడి చూసేవాణ్ణి.

"ఆ వానలో ఏముందని అట్లా చూస్తావు?" అని ఇంటావిడ అడిగింది ఒకసారి.

"మా ఊళ్లో ఇంతసేపు కురవదమ్మా" అన్నాను.

రెండో ఏటికి నేనూ అక్కడివాళ్లలాగే వానను తిట్టుకోవడం నేర్చుకున్నాను. బూట్లు తడిశాయనీ, సైకిలు ప్రయాణం చెడిందనీ విసుక్కునేవాణ్ణి. ఆ విసుగులో తప్పేముందో నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వేసవిలోనే అక్క బడి అయ్యవారితో ఉత్తరం రాయించింది. వానల్లేవు, చొప్ప అయిపోయింది, బావ ఎద్దుల్ని శ్రీశైలం అడవికి తోలుకుపోయినాడు, నువ్వు మాత్రం కడుపునిండా తిను అని. దాన్ని జేబులో పెట్టుకునే నేను సెలవుల పనికి ఒక రైతు దగ్గరికి వెళ్లాను. కళాశాల వాళ్లు మమ్మల్ని వేసవిలో అట్లా పొలాలకు పంపేవారు.

ఆ రైతు అరవై దాటిన మనిషి, మాట తక్కువ. కోసిన గడ్డి ఆరేలోగా వాన పడేది. తిరగేసి మళ్లీ ఆరబెడితే మళ్లీ వాన. చివరికి కొట్టంలోకి చేర్చిన గడ్డి లోపల వేడెక్కి బూజు పట్టింది. దాన్నంతా బయటికి లాగి పొలం మూలన కుప్ప వేయమన్నాడు. నేను మూడుపళ్ల కర్రతో లాగుతుంటే నడిమధ్యన కొంత గడ్డి బాగానే ఉంది. పసుపుపచ్చగా, పొడిగా, మంచి వాసన వేస్తూ ఉంది.

"ఇది పనికొస్తుంది కదండీ?" అని అడిగాను.

ఆయన వంగి చూశాడు. "వస్తుంది. కానీ ఎవరు ఏరుతారు, అబ్బాయ్? ఏరిన కూలి గడ్డికంటే ఎక్కువవుతుంది."

నేను ఏరుతానని నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే మా ఊరి సంగతి చెప్పాలి. చెప్పడానికి నామోషీ అనిపించింది. చెప్పినా ఆ గడ్డి సముద్రం దాటి పోదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎండ కాసిన రోజున ఆయన కిరసనాయిలు పోసి అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు. నేనే గీశాను. చాలాసేపు పొగ వచ్చి, తర్వాత మంట లేచింది. ఆ మధ్యాహ్నం ఆయన భార్య పెట్టిన భోజనం నేను రెండోసారి అడిగి తిన్నాను.

చదువు ముగించుకుని ఓడ దిగి ఊరికి వచ్చేసరికి కొట్టంలో ఎద్దులు లేవు. మేత వేసే గాడిలో కోడి పొదుగుతూ ఉంది.

"పోయినాయప్పా" అన్నాడు బావ, నేను అడగకముందే. "అడవిలో గూడా మేత ల్యాకపాయ. తిరిగి వస్తాంటే ఆత్మకూరు దగ్గర కర్రెద్దు పడుకొన్యాది. లేపుదామని శానా చూస్తి. లేయల్యా. తెల్లది ఇంటిదాకా వచ్చి పోయింది."

"నాకు రాయలేదేం?"

"రాస్తే నువ్వేం చేస్తావు ఆడ?" అంది అక్క. "చదువు చెడిపోతాదని నేనే వద్దంటి."

సంగటి తినేటప్పుడు బావ సీమ పశువుల గురించి అడిగాడు. ఎంత పాలిస్తాయి, ఏం మేస్తాయి, యాడ కట్టేస్తారు అని ఒక్కొక్కటే. కరువుకు ఎద్దుల్ని పోగొట్టుకున్న మనిషి ముఖంలో అంత కుతూహలం చూడలేకపోయాను. దాచుకోలేక గడ్డి కాల్చిన సంగతి చెప్పేశాను, అగ్గిపుల్ల గీసింది నేనేనని కూడా.

"తడిసిన గడ్డి కదా. కాల్చక ఏం చేస్తారు" అన్నాడు బావ.

అక్క ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "అంతా చెడిపోయిన్యా? నడాన ఒక మోపన్నా బాగుండల్యా?"

లేదని చెప్పి ఉండవచ్చు. "ఉన్నిందక్కా" అన్నాను.

ఆమె నా గిన్నెలో ఇంకొంచెం ఊరిమిండి పచ్చడి వేసి, "తిను, చల్లారిపోతాది" అంది. ఆమె అరిచి ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను.

తర్వాతి ఏడాది వానలు పడ్డాయి. బావ మళ్లీ ఒక జత కోడెల్ని తెచ్చుకున్నాడు గాని, వాటి నడక చూడు రా అని ఎవర్నీ పిలవలేదు. నాకు కడప వ్యవసాయ కార్యాలయంలో ఉద్యోగమైంది. పల్లెలకు పోయి, కరువు రోజులకు మేత ఎట్లా దాచుకోవాలో రైతులకు చెప్పడం నా పని. వాళ్లు మర్యాదగా వినేవారు. వాళ్లు తలలూపుతుంటే నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించేది.

ఒకసారి సెలవు మీద ఊరికి వెళ్తే, అక్క వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తూ ఇరుగుపొరుగు పిల్లలకు కథ చెబుతోంది. నేను వచ్చింది చూసుకోలేదు.

"సీమలో గడ్డి శానా ఎక్కువంట. తినేటివి ల్యాక కుప్పేసి కాలుస్తారంట!"

పిల్లలు నమ్మలేదు. ఒక పాప అడిగింది, "నిజంగానా పెద్దమ్మా? ఎవరు కాలుస్తారు?"

"ఎవరో ఆ సీమోళ్లే" అంది అక్క. "మనోళ్లయితే అట్ల చేస్తారా?"

నేను చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా ఇంట్లోకి పోయాను.