చక్రాలు చల్లారేదాకా

మా కాక పోయాడన్న ఫోన్ నాకు బడిలో ఉండగా వచ్చింది. సుల్తానాబాద్‌లో మూడో పీరియడ్ నడుస్తోంది. బయట రెండు రోజులుగా ఆగని వాన. ఫోన్ చేసింది రాజేశం, మా కాలనీ చేపల సంఘంలో పడవ నడిపే మనిషి. "అక్కా, కాక పోయిండు" అన్నాడు. ఎట్లా అని అడిగాను. "పడవ మోసుడుల పోయిండు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నది కూడా ఆ కోపంలోనే. కాబట్టి చదివేవాళ్లు ఇందులో శాంతి వెతుక్కోవద్దు. పడవను మనుషులు మోయకూడదని ఏళ్ల తరబడి పాటుపడిన మనిషి పడవ మోస్తూ పోయాడు. దీన్ని దేవుడి చిత్తమంటూ సర్దిచెప్పడానికి ఎవరైనా మా ఇంటికి వస్తే టీ కూడా పోయను.

ఆయనది మాకు రక్తసంబంధం కాదు. ప్రాజెక్టులో మా ఊరు మునిగాక కట్టిచ్చిన కాలనీలో మా గోడకు ఆనుకున్న ఇల్లు వాళ్లది. మా బాపును అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు కాక, ఆయన భార్య చిన్నమ్మ. వెల్డింగ్ పని. మెథడిస్టు చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆయన షాపు షట్టరు లేచేది కాదు. ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకో చెప్తాను, ముందు ఆయన చేసిన పని చెప్పనివ్వండి.

ఊరు పోయినవాళ్లు బతకాలని సంఘానికి ఒక ఫైబరు పడవ ఇచ్చారు. దాన్ని తెచ్చుకోవడానికి ఒక ట్రాలీ ఇచ్చారు. వరదలొస్తే చిక్కుకున్నవాళ్లను తేవడానికీ అదే పడవ. ఇచ్చినవాళ్లలో ఒక్కరూ పడవను ట్రాలీ మీంచి దించి చూసినవాళ్లు కాదు. ట్రాలీ మీద చెక్కలు, చెక్కల మీద తివాచీ ముక్క, అంతే. ట్రాక్టరుకు కట్టి ప్రాజెక్టు కట్ట మీదికి తెచ్చాక, అక్కణ్నుంచి రాళ్ల మీదుగా నీళ్లదాకా పన్నెండు మంది భుజాలు. మరి ట్రాలీనే నీళ్లలోకి దింపొచ్చు కదా అంటారేమో. మావాళ్లు దింపలేదు. సర్కారు సామాను తడిస్తే తుప్పు పడుతుంది, ఎవరు జవాబు చెప్తారని భయం. దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పసుపు కుంకుమ పూసి, ట్రాలీని పెళ్లికూతురిలా చూసుకున్నారు. నడుములు మాత్రం తమవి విరగ్గొట్టుకున్నారు.

అట్లా మోస్తుండగా ఒకరోజు కాలు జారి పడవ అడుగు రాజేశం పాదం మీద పడింది. ఇప్పటికీ కుంటుతాడు. ఆ రోజు కాక కట్ట మీదే ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చి మా అరుగు మీద కూర్చుని, సాసరులో టీ పోసుకుని, తాగకుండా అట్లాగే పట్టుకున్నాడు. "నీళ్లు మొయ్యాల్సిన దాన్ని మనుషులు మోసుడేంది బిడ్డా?" అన్నాడు. ఆ ప్రశ్న పడవ ఇచ్చిన ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన వెల్డింగ్ మనిషికి తట్టింది.

ముందు ఆయన చోటు వెతికాడు. మా మునిగిన ఊరికి పోయే పాత తారు రోడ్డు కట్ట పక్క నుంచి వాలుగా నీళ్లలోకి దిగిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోతే రోడ్డు ఇంకాస్త బయటపడుతుంది, వానాకాలంలో లోపలికి పోతుంది. నీళ్లు ఎంత ఉన్నా ఆ వాలు ఉంటుంది. "ఊరు పోయింది గని రోడ్డు పోలే. గిది గాక ఇంకేం గావాలె?" అన్నాడు. తరువాత గోదావరిఖని పోయి, పాత సామాను దుకాణాల్లో గనుల్లో బొగ్గు మోసే బెల్టు కింద తిరిగే రోలర్లు వెతికి తెచ్చాడు. ట్రాలీ చెక్కలు పీకేసి వాటి స్థానంలో రోలర్లు బిగించాడు. సర్కారు సామానుకు రంధ్రాలు వేస్తున్నాడని సంఘంలో సగం మంది లబోదిబోమన్నారు.

మొదటి రోజు నవ్వులపాలయ్యాడు, అది దాచను. రోలర్లకు గ్రీసు దండిగా పెట్టాడు. నీళ్లు ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే తాడు విప్పాడు. పడవ నూనెలో వేసిన గారెలా సర్రున జారి నడిరోడ్డు మీద కూర్చుంది. ఆరు నెలలు ఆయనను రోడ్డు మీద పడవ నడిపినోడని ఎగతాళి చేశారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి మా కాలనీలో ఒక మాట నిలిచిపోయింది: "ముందుగాల నీళ్లు, అటెనుక తాడు." ఇప్పుడు మావాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఆ మాట వాడుతున్నారు.

ట్రాలీ వెనక రెండు పక్కలా రెండు నిలువు పైపులు పెట్టాడు. గాలి కొట్టినా పడవ పక్కకు పోకుండా వాటి మధ్యకు నేరుగా వచ్చి ఎక్కేది. ముందువైపు, బావిలోంచి మోటరు లేపే పాత చేతి గిరకను బిగించాడు. అది తిప్పితే తాడు చుట్టుకుంటూ పడవ పైకి వస్తుంది. ఒకరోజు అందరి ముందు ఆ గిరకను చిన్నమ్మ చేత తిప్పించాడు. పడవ బుద్ధిగా ఎక్కి కూర్చుంది. "చూడుండ్రి, పన్నెండు మంది పని మా ఇంటామె ఒక్కతే చేసింది" అన్నాడు. చిన్నమ్మ ఊరుకునే మనిషి కాదు. "ముప్పై ఏండ్ల సంది నిన్ను గుంజుకొస్తున్న, గీ పడవ నాకో లెక్కనా?" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన దగ్గర ఎవరి తొందరా సాగేది కాదు. ట్రాలీ రోడ్డు మీద దూరం నుంచి వస్తే చక్రం మధ్య భాగం కాగి ఉంటుంది. ఆ వేడి మీద నీళ్లలోకి దింపితే అది నీళ్లను లోపలికి పీల్చుకుని బేరింగు పాడవుతుంది. అందుకే నీళ్ల అంచున బండి ఆపించి, జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు చక్రానికి ఆనించేవాడు. చల్లబడే దాకా టీ. ఎవరైనా విసుక్కుంటే, "కోపమొచ్చిన మనిషిని, కాగిన చక్రాన్ని ఎంటనే కదిలియ్యద్దు. జర ఆగుండ్రి, నీళ్లు యాడికి పోవు" అనేవాడు. తడిస్తే పాడవుతుందని దాచుకుని దసరాకు పూజలు చేసిన ఆ ట్రాలీ, రోజూ తడుస్తూనే ఇన్నేళ్లు పని చేసింది.

ఇప్పుడు నా సంగతి. ఆ పాత రోడ్డు మీద కొన్నేళ్లకు బోటింగ్ పాయింటు వచ్చింది. రంగుల పడవ, గొడుగులు, టికెట్టు గది. ప్రారంభం రోజు ఆ రంగుల పడవను నీళ్లలోకి దించడం వాళ్లకు చేతకాలేదు. కాకను పిలిచారు. ఆయన తన ట్రాలీ మీద తెచ్చి, చక్రాలు చల్లారేదాకా, ప్రారంభించడానికి వచ్చిన పెద్ద సారును ఎండలో నిలబెట్టి మరీ దించిపెట్టాడు. ఆ సభకు మైకులో మాట్లాడింది నేనే, టీచరమ్మను కదా. వందన సమర్పణకు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. పెద్ద సారుకు, చిన్న సారుకు, కాంట్రాక్టరుకు, టెంటు వేసినవాళ్లకు, మైకు సెట్టు వాళ్లకు, టీలు అందించినవాళ్లకు కృతజ్ఞతలు. కాక పేరు లేదు. ఆయన నా ఎదురుగా, తడిసిన ప్యాంటుతో, రెండో వరసలో నిలబడి ఉన్నాడు. నేను చూశాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి దిగిపోయాను.

సభ అయ్యాక ఆయనే నా దగ్గరికి వచ్చాడు. "మైకుల మస్తు మాట్లాడినవ్ బిడ్డా" అన్నాడు. అదే నన్ను ఇంకా కోస్తోంది. చదవాల్సిన రోజు చదవని పేరును ఇప్పుడు పత్రికలో రాసి పుణ్యం కట్టుకోను.

ఆ తరువాత ఆ రోడ్డుకు గేటు పెట్టారు. ఆ గేటు చేసింది ఎవరనుకున్నారు? మా కాకే. బోటింగ్ కాంట్రాక్టరు వచ్చి, "సంఘానికి ఒక తాళం చెవి ఇస్తం, మీ పడవ మీరు దించుకోండి" అంటే నమ్మి, తన చేతులతో అతికి నిలబెట్టాడు. చెవి రాలేదు. రేపన్నారు, ఎల్లుండన్నారు. దరఖాస్తులు నేనే రాశాను, ఆఫీసు మెట్లు ఆయన ఎక్కాడు. పరిశీలనలో ఉందన్నారు. పడవ మళ్లీ రాళ్ల కట్ట మీద మావాళ్ల భుజాల మీదికి వచ్చింది. రాజేశం ఎన్నోసార్లు అన్నాడు, "కాకా, నీ కటింగ్ మిషన్ తియ్యి, గా తాళం ఎంత సేపు?" అని. కాక ఒప్పుకోలేదు. "మాట ఇచ్చిండ్రు గద, ఇస్తరు. నేను జేసిన గేటును నేనే కోసుకుంటనా?" అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమే. ఆ మంచితనమే వాళ్లకు చుట్టమైంది.

ఆ వాన రోజున గొర్లు కాసే మొగుడూ పెళ్లాలు నీళ్ల మధ్య ఒక గడ్డ మీద చిక్కుకున్నారు. నీళ్లు పెరుగుతున్నాయి. పడవ తెచ్చారు, గేటుకు తాళం. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే చెవి వాచ్‌మన్ దగ్గరుందన్నాడు. వాచ్‌మన్ మెట్‌పల్లిలో చుట్టాలింట్లో ఉన్నాడు. అప్పటికైనా తాళం కోద్దామని కాక మిషన్ తెప్పించాడు. కరెంటు లేదు. ఇక మోయడమే మిగిలింది. పదకొండు మందే ఉన్నారు, పన్నెండో భుజం ఆయనది. వద్దన్నా వినలేదట. పడవ దిగింది. గొర్లకాపరులు ఇద్దరూ బతికారు. కాక రాళ్ల మీద కూర్చుని ఛాతీ పట్టుకున్నాడు. "చెవి వచ్చిందా?" అని అడిగాడట. అదే చివరి మాట.

సమాధుల తోటకు పెట్టెను తీసుకుపోవడానికి రాజేశం వాళ్లు ఆ ట్రాలీనే కడిగి తెచ్చారు. రోలర్ల మీద జరిపితే సులువని. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి, "వద్దు. ఆయనను మొయ్యుండ్రి. ఊరందరి భుజాలు కాపాడిండు, ఒక్కసారి మొయ్యుండ్రి" అంది. మోశారు. దారంతా భుజాలు మార్చుకోవడానికి జనం పోటీ పడ్డారు.

పదో రోజున బోటింగ్ పాయింటు గేటు ముందే సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో. అదే కాంట్రాక్టరు, అదే పెద్ద సారు. మైకు మళ్లీ నాకే ఇచ్చారు. ఈ రోడ్డుకు ఆయన పేరు పెడతామని సారు ప్రకటించి కూర్చున్నాడు. నేను మైకు తీసుకుని ఒక్కటే అడిగాను. "పేరు తరువాత సార్. చెవి ఏది?"

రెండోసారి అడిగాను. మూడోసారి నేను అడగలేదు, జనం అడిగారు. చిన్నమ్మ లేచి సంచిలోంచి కటింగ్ మిషన్ తీసి రాజేశం చేతిలో పెట్టింది. మైకు సెట్టు అతను, ఆ రోజు నేను కృతజ్ఞతలు చెప్పినవాడే, ఎవరూ అడక్కుండానే తన జనరేటరుకు వైరు తగిలించాడు. తాళం తెగి కింద పడటానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం కోసం ఒక మనిషి పోయాడు.

మా మీద ఫిర్యాదు ఇచ్చారని తెలిసింది. ఎవరెవరు చేశారో పేర్లు కావాలట. నన్ను అడగండి, ఇస్తాను. ఈసారి ఒక్క పేరు కూడా వదలను. మొదటి పేరు ఆయనదే.

తాళం తెగాక రాజేశం పడవ ట్రాలీని ట్రాక్టరుకు కట్టి కాలనీ నుంచి తెచ్చాడు. కాలనీ అంతా అరుస్తూ వెనకే నడిచింది. నీళ్ల అంచుకు రాగానే బండి ఆగింది. సార్లకు అర్థం కాలేదు. ఇంత కోపంగా వచ్చినవాళ్లు ఎందుకు ఆగారని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నమ్మ వంగి చేతి వెనకవైపు చక్రానికి ఆనించింది. "ఇంక కాగే ఉన్నది. ఆగుండ్రి" అంది. రెండు వందల మందిమి ఆగాం. ఒక టీ తాగినంతసేపు, కళ్లు సార్ల మీద పెట్టి, నిలబడ్డాం. చిన్నమ్మ మళ్లీ చెయ్యి పెట్టి చూసి తల ఊపింది.

ట్రాలీ వెనక్కి దిగింది. చక్రాలు మునిగాయి. ముందు నీళ్లు, తరువాత తాడు. తాడు చిన్నమ్మే విప్పింది. పడవ రోలర్ల మీద మెల్లగా జరిగి, రెండు పైపుల మధ్య నుంచి, మా పాత ఊరి దారిన నీళ్లలోకి వెళ్లిపోయింది. దానికి ఒక్క భుజం కూడా తగల్లేదు.