నాకంటే ముందు బయలుదేరిన బ్యాగు

అదే నేనూ అంటోంది! రోడ్డు మీద ఆరొందల కిలోమీటర్లు దాటితే దాటనీ, గన్నవరంలో ఎక్కితే గంటన్నరలోపు బెంగళూరులో దించే విమానానికి ముందురోజే బయలుదేరడం ఎందుకు? ఇంటర్వ్యూ మంగళవారం మధ్యాహ్నం, విమానం ఆ పొద్దున. ఫోన్ తీసి చూపించినా మా అమ్మ స్క్రీన్ వంక చూడలేదు.

"ఎంతసేపట్లో దిగుతావో నాకెందుకే? మంగళవారం గడప దాటకూడదు."

"టికెట్ కొనేశానమ్మా."

"అయితే ప్రస్థానం పెడదాం."

ప్రస్థానం అంటే, మంచిరోజు చూసి మన సామాను ఒకటి వేరేవాళ్ళింట్లో పెట్టడం. దాంతో మనం ఆరోజే బయలుదేరినట్టు లెక్క. తువ్వాలు పెట్టినా చాలు. అమ్మకి చాల్లేదు. సోమవారం మంచి ఘడియలో నా బ్యాగు మొత్తం, ఒరిజినల్ సర్టిఫికెట్లతో సహా, వన్ టౌన్‌లో మా ఎదురింటి పిన్నిగారింట్లో పెట్టించింది. అది మళ్ళీ మా గడప తొక్కకూడదట. వెళ్ళేటప్పుడు అక్కడి నుంచి అటే తీసుకుపోవాలట.

మంగళవారం పొద్దున ఆటో వచ్చేసరికి పిన్నిగారింటికి తాళం. ఫోన్ చేశాను.

"అయ్యో, మైలవరంలో ఉన్నామమ్మా. మా ఆడపడుచు కూతురికి నొప్పులొస్తున్నాయంటే తెల్లారకముందే వచ్చేశాం. నీ బ్యాగు మంచం పక్కన భద్రంగా ఉంది."

"భద్రంగా ఉంటే నాకేం లాభమండీ, పిన్నిగారూ?"

"బాబాయిగార్ని తాళంచెవి ఇచ్చి పంపిస్తున్నా. కంగారుపడకు."

టికెట్టూ ఆధారూ ఫోన్‌లోనే ఉన్నాయి. ఒరిజినల్స్ చూపించకపోతే మాత్రం ఇంటర్వ్యూకి కూర్చోనివ్వరు. తాళం పగలగొడతానన్నాను.

"ప్రయాణమప్పుడు ఆ మాటలేంటే!" అంది అమ్మ.

"మేడం, గన్నవరమా, మైలవరమా?" అన్నాడు ఆటో డ్రైవరు. అతని మీదా అరిచాను.

బాబాయిగారు బండి మీద వచ్చి తాళం తీసేలోపు, నేను లేని విమానం సగం దారి దాటింది. ఫోన్‌లో దాని బొమ్మ మెల్లగా జరుగుతుంటే వీధిలో నిలబడి చూశాను.

తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, ముందు వాదించి, అది పనిచేయక బతిమాలాను. మర్నాడు పొద్దున రమ్మన్నారు. సాయంత్రం బస్సెక్కాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు అమ్మ వీధిలో ఎవరు కనిపించినా ఒకటే మాట. "ప్రస్థానం పెట్టాం కాబట్టేనండీ. విమానం తప్పినా పని తప్పలేదు." పిన్నిగారైతే నేనిచ్చిన స్వీటు తింటూ, "అంతా మా ఇంటి వేళావిశేషం!" అన్నారు.

బస్సులో నడుం పట్టేసేలా కూర్చున్నది నేను. అడిగినవాటికల్లా జవాబు చెప్పిందీ నేనే. మంచం పక్కన పడి ఉండటం తప్ప ఆ బ్యాగు ఇంకేం చేసిందో మీలో ఒక్కరు చెప్పగలరా?